క్యాలెండరు బిళ్లలు

రేగొండ ఠాణా బల్ల మీద
బిస్కెట్ల రేకు డబ్బా పెట్టి నిలబడ్డ.
లోపల ముప్పై ఎనిమిది తూటాలు,
పన్నెండు బోరు, ఇత్తడి గుల్లలు,
మా నాయిన చేత్తో నింపినయి.

లైసెన్సు కాయితం మడతల కాడ చినిగింది.
తుపాకి ఎప్పటి ఎలక్షన్లకో ఇక్కడ జమ.
తూటాలు మాత్రం మా అటక మీదనే,
సిమెంటు రేకుల కింద, మూరెడు సందుల,
పదకొండు ఎండకాలాలు.
తుపాకికి ఠాణా రాతిగోడల నీడ దొరికింది.
మందుకు దొరకలె.

ఒక్కోటి ఎనభైకి అమ్ముతనన్నడు మా మరిది.
అందుకే ఆయినకు చెప్పకుంట తెచ్చిన.

మా నాయిన పేరు యాకయ్య.
మక్కచేండ్లల్ల పందులు పడ్డయంటే
చుట్టు నాలుగూర్లోళ్లు మా వాకిట్ల నిలబడేది.
రాత్రి బువ్వ తిన్నంక చాప పరిచి,
కంసలాయిన కాడ కొన్న తక్కెడ ముందు పెట్టుకునేటోడు.
ఫ్యాను బందు. మాటలు బందు.
ఊపిరి సుత ఆగాగి తీసుకునేటోడు.
నా పని బిళ్లలు కొట్టుడు.
పాత క్యాలెండరు అట్ట మీద గొట్టపు ఉలి పెట్టి
సుత్తెతోని ఒక్కటి.
గుండ్రంగ ఊడి పడేది,
ఒకదాంట్ల అంకె, ఒకదాంట్ల సగం అమాస,
ఒకదాంట్ల లక్ష్మీదేవి చెవికమ్మ.
మందు మీద బిళ్ల, బిళ్ల మీద సీసపు గుండ్లు.
"అన్నీ ఒక్కతీరుగ పలకాలె బిడ్డా,
ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ పలికిందంటే
అది నింపినోని తప్పు."

రోహిణికార్తెకు రోళ్లు పగుల్తయంటరు.
రోలు పగిలితె కండ్లకు కనపడ్తది.
గుల్ల లోపల మందు పగిలితె ఎవలకెరుక?
మేం కింద కూలరు పెట్టుకొని
తడి దుప్పటి కప్పుకొని పండుకున్నం.
మా నెత్తి మీద మూడు గజాల ఎత్తుల
ఆయిన తూకం ఉడుకుతున్నది.
పగలు కాగుడు, రాత్రి సల్లారుడు,
తెల్లారితె మల్ల కాగుడు.

వరంగల్ నుంచి వచ్చిన ఆర్మరరు, బోడ లచ్చిరాం,
ఒకటి తీసి కిటికీ వెలుగుకు పట్టిండు.
అంచు కాడ పచ్చటి చిలుము.
మెల్లగ విప్పి తెల్లకాయితం మీద వంచిండు.
నాకు యాదికున్న మందు
ఆవాల లెక్క ఉరికేది.
ఇది వానకాలపు బెల్లం లెక్క
లోపల్నే పట్టుకొని కూసుంది.
వాసన పాత బ్యాటరీ లెక్క ముక్కుల పొడిచింది.

"ఎండ తిన్నదమ్మ," అన్నడు.
"పేలదా సార్?"
"పేలదంటే మంచిగుండు. అది చెప్పలేం గదా.
కొన్ని తుస్సుమంటయి.
కొన్ని ట్రిగ్గరు నొక్కినంక ఆగి ఆగి పేల్తయి,
పేలలేదని నువ్వు మొఖం దగ్గరికి తెచ్చుకున్నంక.
ఒకటో రెండో గొట్టాన్నే చీలుస్తయి."
"అన్నీ ఒక్క చేతియే సార్. ఒక్క తక్కెడ."
"చెయ్యి ఒక్కటే. రేకుకు ఆనిన పైవరుస వేరు,
అడుగు వరుస వేరు."

ముప్పై ఎనిమిదిట్ల ఏది ఏ వరుసదో
నేనే కదా కలగలిపిన,
బస్సుల గలగలమనకుంట మధ్యన గుడ్డలు కుక్కుకుంట.

కాయితం మీద మందు పక్కన
నా బిళ్ల పడ్డది.
చాయ రంగుకు తిరిగింది, అంచు పొడిపొడిగ.
నడుమ అంకె పదిహేడు.
ఏ నెలదో, ఆ ముక్క తెగిపోయింది.

లచ్చిరాం సార్ రిజిష్టర్ల రాసుకున్నడు:
చేతితో నింపినవి, ముప్పై ఎనిమిది, పనికిరానివి.
సంతకం పెట్టమన్నడు.
"తూకంల తప్పు లేదని సుత రాయున్రి సార్."
పెన్ను ఆపి నా దిక్కు చూసిండు.
పేజీ ఈ కొస నుంచి ఆ కొస దాక వేలు నడిపిండు.
"ఇండ్ల ఆ కాలం లేదమ్మ."

పెట్టిన.
డబ్బన్న ఇయ్యున్రి అంటే ఇయ్యలె,
అది సుత లెక్కల రాసిండట.